నాలుగో మలుపులో నురగ

హైదరాబాదు వెళ్లి మూడు రోజులుండి, చార్మినారు మొహం కూడా చూడకుండా, తడి రోడ్డు మీద కార్లు జారడం చూసి వచ్చానంటే నరసాపురంలో మా వీధివాళ్లు నన్ను ఎగాదిగా చూశారు. "ముప్పై ఒక్క ఏళ్లు బస్సు తోలావు, జారే కార్లు చూడ్డానికి అంత దూరం వెళ్లాలా? మన కాలవ గట్టు మీద కూర్చుంటే కనపడవా?" అన్నాడు పక్కింటాయన. కనపడవు. నేను చూసినవి అక్కడే కనపడతాయి. వచ్చి పది రోజులైనా నా గుండె ఇంకా చోటికి రాలేదు.

వెళ్లడానికి కారణం మా చెల్లెలి కూతురు సుహాసిని. హైటెక్ సిటీలో కంప్యూటర్ ఉద్యోగం చేసుకుంటూ రెండేళ్లుగా శని ఆదివారాలు ఒక కారు రేసుల జట్టుతో తిరిగేది. ఈ మధ్య ఆ ఉద్యోగం మానేసి పూర్తిగా జట్టులో చేరిపోయింది. ఏ టైరు వెయ్యాలి, ఎంత గాలి పెట్టాలి, ఎప్పుడు మార్చాలి అన్నది చూసే పని దానిది.

"మావయ్యా, ఈసారి పోటీ మా ఆఫీసుల రోడ్ల మీదే. శనివారం ప్రాక్టీసు, ఆదివారం రేసు. టైర్ల పని పూర్తిగా నా ఒక్కదానికే అప్పగించడం ఇదే మొదలు. ఇందులో నిలబడకపోతే నన్ను ఉంచరు. నువ్వొచ్చి పక్కన నిలబడు చాలు" అంది ఫోనులో. మేనకోడలు అలా అడిగితే ఏ మేనమామ ఇంట్లో కూర్చుంటాడు చెప్పండి!

మదీనాగూడ: అరిగిన టైరు

శుక్రవారం పొద్దున్నే మదీనాగూడలో దిగాను. దిగింది రోడ్డుకి ఇటు, సుహాసిని ఉండే అపార్టుమెంటు అటు. అది ముంబాయి వెళ్లే పెద్ద రోడ్డు. దాన్ని దాటడానికి నాకు పావుగంట పట్టింది. ఎన్ని వేలసార్లు ఘాట్ రోడ్లు ఎక్కిదిగినవాణ్ణో, నడిచేవాడిగా మారేసరికి రెండుసార్లు సగం దాకా వెళ్లి వెనక్కి వచ్చాను. చివరికి ఒక నర్సమ్మ చెయ్యి చూపిస్తూ ముందు నడుస్తుంటే ఆమె వెనక దాక్కుని దాటాను.

అవతల బండి దగ్గర ఇడ్లీ తిన్నాను. నాలుగు ఇడ్లీ నలభై రూపాయలు. అల్లం పచ్చడి లేదా అండి అని అడిగితే, "గది ఉండదు సార్. పల్లీ చట్నీ ఇంకింత పొయ్యాల్నా?" అని నా జవాబు కోసం ఆగకుండా గరిటెడు పోసేశాడు. ఇడ్లీలు మునిగిపోయాయి. మనవైపు చట్నీ పక్కన పెడతారు, అక్కడ ఇడ్లీకి స్నానం చేయిస్తారు. రుచికి మాత్రం వంక పెట్టలేను.

సుహాసిని ఇంట్లో నాకు మొదటి దెబ్బ తగిలింది. హాల్లో స్టూలుకి బదులు ఒక టైరు వేసి ఉంది. దాని మీద కూర్చుని చేత్తో తడిమి చూస్తే గుండులా నున్నగా ఉంది. గాడి అన్నదే లేదు. "ఇంతగా అరిగేదాకా వాడారేమిటే? మా డిపోలో ఇలాంటి టైరుతో బండి బయటికి తీస్తే మెకానిక్కు మెడ పట్టుకునేవాళ్లం" అన్నాను.

అది పగలబడి నవ్వింది. "అది అరగలేదు మావయ్యా. కొత్తదే అలా ఉంటుంది. పొడి రోడ్డు మీద రబ్బరంతా నేలకి ఆనాలి. వేడెక్కితే బంకలా పట్టుకుంటుంది. వాన పడితే గాళ్లున్నవి వేస్తాం. అవి నీళ్లని పక్కకి తోసేస్తాయి."

ఒక్క టైరు ధర చెప్పింది. నా నెల పింఛను దానికి చాలదు. పైగా ఒక్క రోజుకే దాని ఆయుష్షు తీరిపోతుందట. నేను టైరు మీద నుంచి లేచి నేల మీద కూర్చున్నాను.

బాలానగర్: లేతుకు ఏం ఎరుక

మధ్యాహ్నం కారుకి కావలసిన బుష్ అనే చిన్న ఇనప గొట్టం ఒకటి తేవడానికి బాలానగర్ వెళ్లాలంది. దానికి పని ఉంటే నేను తెస్తానని బయల్దేరాను. బైక్ టాక్సీ ఎక్కడం నా జీవితంలో మొదటిసారి. చినుకులు మొదలయ్యాయి కదా అని వెనక కూర్చుని గొడుగు విప్పాను. ఫ్లైఓవర్ ఎక్కగానే గొడుగు తిరగబడి నా చేతిలో పుల్లలు మిగిలాయి. నడిపే అబ్బాయి అద్దంలో చూసి, "అన్నా, గొడుగు పోయినా మంచిదే, నువ్వు పోలేదు" అన్నాడు. అరవై దాటినవాణ్ణి అన్నా అన్నందుకు కిరాయి మీద పది రూపాయలు ఎక్కువిచ్చాను.

బాలానగర్ లోపలి సందుల్లో ఇంకా పాతకాలం షెడ్లు ఉన్నాయి. ఇనుము కాలిన వాసన, లేతు మిషన్ల చప్పుడు. గాజు మేడల పక్కనే ఇలాంటి చోటు ఉంటుందని నేను అనుకోలేదు. కళ్లజోడు ముక్కు చివరికి జారిన ఒక ముసలి మేస్త్రి ఆ బుష్‌ను తిప్పుతూ వెంట్రుకవాసి తేడా చూసుకుంటూ చెక్కుతున్నాడు. ఇది రేసు కారుదని మీకు తెలుసా అని అడిగాను.

"స్కూటర్‌దైనా, రేసు కారుదైనా లేతుకు ఏం ఎరుక సార్? కొలత సక్కగుంటె సాలు" అన్నాడాయన తల ఎత్తకుండా.

అక్కడే మా జట్టు డ్రైవరు ఫైజల్ పరిచయమయ్యాడు. పాతికేళ్లు కూడా లేవు, నా చిటికెన వేలంత సన్నగా ఉన్నాడు. రేపు వాన పడేలా ఉంది, భయం వెయ్యదా అని అడిగాను. "ఫికర్ చెయ్యకుండ్రి అంకుల్. వానల అందరూ నెమ్మదిగనే పోతరు. నేను జర తక్కువ నెమ్మదిగ పోత, గంతే" అన్నాడు.

గచ్చిబౌలి: వైపరు లేని కార్లు

శనివారం ఉదయం గచ్చిబౌలి వైపు రోడ్లు మూసేశారు. రోజూ ఆఫీసు బస్సులతో కిక్కిరిసే చోట ఒక్క బండి లేదు. రెండు పక్కలా నడుమెత్తు కాంక్రీటు దిమ్మలు, వాటి మీద ఇనప కంచె. నా ముంజేతికి కాగితపు పట్టీ కట్టి, జట్టు నీలం జాకెట్ తొడిగి, గుడారంలో ఒక మూల నిలబెట్టారు. జట్టు పెద్ద శ్రీధర్. మంచి మాటకారి, నాకు తనే కుర్చీ వేసి టీ ఇప్పించాడు. చెవులకి హెడ్‌ఫోన్లు ఇచ్చి, "ఇందులో మన డ్రైవర్‌తో మాట్లాడేది అంతా వినిపిస్తుంది అంకుల్. వినండి కానీ మాట్లాడొద్దు" అన్నాడు నవ్వుతూ.

ప్రాక్టీసు మొదలయ్యే వేళకి వాన దంచింది. ఆపేస్తారనుకున్నాను. ఆపలేదు! సుహాసిని గాళ్ల టైర్లు బిగింపించి, ఒక్కొక్క చక్రం దగ్గరా కూర్చుని గాలి చూసుకుంది. చివరి చక్రం మీద చెయ్యి ఉంచి కళ్లు మూసుకుని ఏదో ప్రార్థన చేసింది. దాని పెదవులు కదలడం నాకొక్కడికే కనిపించింది.

కార్లకి వైపర్లు లేవు. పైకప్పే లేదు. డ్రైవరు తలకున్న టోపీ అద్దం మీద నీళ్లు పడితే గాలే తుడవాలట. ఒక్కో కారు వెనక తాటిచెట్టంత ఎత్తు నీళ్లు లేస్తున్నాయి. ఆ నీళ్ల తెరలోకి వెనక కారు దూరిపోతోంది, ముందు ఏముందో తెలియకుండా. నేను తుపాను రోజుల్లో బస్సు తోలాను. ముందు ఏమీ కనపడకపోతే బండి పక్కకి ఆపి దీపాలు వేసుకుని కూర్చునేవాణ్ణి. ఈ పిల్లలు అక్కడే కాలు అదుముతున్నారు. నా కుడికాలు దానంతటదే లేని బ్రేకు తొక్కుతూనే ఉంది.

గోడకున్న తెర మీద ఏ కారు ఎంతసేపట్లో చుట్టు తిరిగిందో పడుతోంది. పొడిలో కంటే ఇరవై సెకన్లు ఎక్కువ పడుతోందని సుహాసిని చెప్పింది. ఇంకో వింత ఏమిటంటే, బాగా డబ్బున్న జట్టని అందరూ చూపించిన ఎర్ర కారు తిన్నని రోడ్డు మీద దూసుకుపోయి, మలుపు రాగానే తడబడుతోంది. పసుపు కారు గాలి తక్కువ పెట్టుకుందేమో, నీటి మీద పడవలా తేలుతోంది. మన నీలం కారు మధ్యలో ఉంది, ఆరింటిలో నాలుగోది.

నాలుగో మలుపు వచ్చేసరికి మాత్రం ఎవరికీ తేడా లేదు. మొదట ఎర్ర కారు అక్కడ బొంగరంలా తిరిగింది. తరవాత పసుపుది. ఆ తరవాత మన ఫైజలే ఒక పూర్తి చుట్టు తిరిగి, దిమ్మకి మూరెడు దూరంలో ఆగాడు. నా చేతిలో టీ ఒలికి పంట్లాం మీద పడింది. "తెల్ల గీతల రంగు మీద జారుతున్నట్టుంది" అన్నాడు శ్రీధర్ ల్యాప్‌టాప్ చూస్తూ. సుహాసిని మొహం పాలిపోయింది. టైరు తప్పయితే తప్పు దానిదే కదా.

నేను ఊరుకోలేకపోయాను. ముగ్గురూ ఒకే చోట జారితే తప్పు బండ్లది కాదు, రోడ్డుది. జాకెట్ బొత్తాలు పెట్టుకుని కంచె వెనక దారి వెంట నాలుగో మలుపు దాకా నడిచాను.

బస్సులు ఆగే చోటు

ఆ మలుపు లోపలి వైపు ఆఫీసు బస్సులు ఆగే చోటు. అక్కడ కాలువ జాలీ మీద తెల్లటి నురగ గుట్టలా పేరుకుని ఉంది. వాననీటికి అంత నురగ రాదు. వంగి వేలితో తీసి చూశాను. నిమ్మకాయ వాసన వచ్చింది. సబ్బు!

"సారు, మీరు ఆ బండ్లోల్ల మనిషేనా?" అని వెనకనుంచి వినిపించింది. చేతిలో చీపురు, తల మీద ప్లాస్టిక్ సంచి కప్పుకున్న ఒకావిడ. నలభై ఐదేళ్లుంటాయి. పేరు ఈదమ్మ అని తరవాత చెప్పింది. పాలమూరు వైపు ఊరు. ఆ రోడ్డు రోజూ ఊడ్చేది ఆమే.

"దినాం బస్సులు నిలవడ్తయి కద, డీజిలు, ఆయిలు కారి నేలంత నల్లగైతది. నేను ఎప్పుడూ రంపపు పొట్టు సల్లి ఊడుస్త. నిన్న మాపటికి సూపర్‌వైజర్ వచ్చి, టీవీల చూపెడ్తరంట, ఒక్క మరక కనబడొద్దన్నడు. సబ్బు పౌడర్ పాకెట్లు ఇచ్చిండు. రుద్దినం. కడగనీకి ట్యాంకర్ రాలె. సార్, నీళ్లు లెవ్వంటె, వాన పడ్తె అదే పోతది తియ్ అన్నడు. పోలె సారు. గిట్లయింది."

ఆమె చీపురుతో మలుపు వైపు చూపించింది. "ఆ పోరగాండ్లు తిరిగి పడ్తుంటె నా పానం పోతున్నది. చెప్పుండ్రి సారు, ఎవరికన్న చెప్పుండ్రి. నా పేరు మాత్రం ఎత్తకుండ్రి. పని తీసేస్తరు. మా ఆయన నడుం పోయి దవాఖానల ఉన్నడు, ఇంటి కిరాయి, తిండి అంత దీని మీదనే."

నీ పేరు ఎత్తనమ్మా అని మాటిచ్చాను. ఈ వయసులో పరుగెత్తగలనని నాకు తెలియదు, గుడారం దాకా పరుగెత్తాను.

చప్పట్లు

సుహాసిని చెవిలో చెప్పాను. "బస్సులు ఆగే చోట సబ్బు ఉందే. కడగలేదు. ఊడ్చే ఆవిడ చెప్పింది. సూపర్‌వైజరే పౌడర్ ఇచ్చాడట, కడగడానికి ట్యాంకర్ రాలేదట. మలుపులో ఎడమకి దిగొద్దని చెప్పు."

అది వెంటనే లేచింది. "కంట్రోల్‌కి చెప్పాలి. ప్రాక్టీసు ఆపి కడిగిస్తారు." రేసు నడిపించే అధికారుల గది పేరు అక్కడ కంట్రోల్.

శ్రీధర్ దాని భుజం మీద మెల్లగా చెయ్యి వేశాడు. గొంతు కూడా పెంచలేదు. "సుహాసినీ, ఒక్క నిమిషం. ముందు ఫైజల్‌కి చెప్పు. కంట్రోల్‌కి చెప్తే అందరికీ చెప్పినట్టే. ఇక్కడ ఎవడి లెక్క వాడిదే. ఎర్ర కారువాళ్లు మనకి ఎప్పుడైనా ఏదైనా చెప్పారా? పది నిమిషాలు. ఒక మంచి టైం పడనీ, తరవాత నేనే వెళ్లి చెప్తా."

అది నావైపు చూసింది. నేనేం చెయ్యాలి? నేనా జట్టు పెద్దని కాను. ఇంకో మాట కూడా దాచను. దాని ఉద్యోగం నిలబడితే బాగుండునని నాకూ ఉంది. నేను తెర వైపు తల తిప్పుకున్నాను. అది రేడియో మీట నొక్కింది. "ఫైజల్, నాలుగో మలుపులో కుడికే ఉండు. బస్ బే తాకొద్దు. మళ్లీ చెప్తున్నా, తాకొద్దు."

తరవాతి చుట్టు ఫైజల్ ఆ మలుపు వెడల్పుగా తిరిగాడు. మిగతావాళ్లు భయపడి కాలు తీసేస్తున్న చోట ఇతను తియ్యలేదు. తెర మీద మన పేరు నాలుగు నుంచి రెండుకి, ఇంకో చుట్టుకి ఒకటికి ఎక్కింది. గుడారమంతా గంతులు. నేనూ చప్పట్లు కొట్టాను. గట్టిగానే కొట్టాను.

ఆ చప్పట్ల మధ్యలోనే చప్పుడు వినిపించింది. ఇరవై మూటల సిమెంటు ఒకేసారి కింద పడ్డట్టు. పసుపు కారు నాలుగో మలుపులో జారి దిమ్మకి పక్కనుంచి గుద్దుకుంది. తెర మీద కార్లన్నీ ఆపమనే ఎర్రజెండా బొమ్మ పడింది. కారులోంచి ఆ కుర్రాణ్ణి మెల్లగా తీస్తుంటే ఒక చెయ్యి దానికది వేలాడుతోంది. నా రెండు చేతులూ అప్పటికి ఇంకా ఎదురెదురుగానే ఉన్నాయి.

సుహాసిని హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది. ఏడవలేదు. దాని మొహం నేను అంతకు ముందెప్పుడూ అలా చూడలేదు.

కంట్రోల్ గదిలో

ఆ కుర్రాడికి ప్రాణం మీదికి రాలేదు, భుజం ఎముక విరిగిందని తెలిశాక గానీ గుడారంలో ఎవరూ తెర ముందునుంచి కదల్లేదు. అధికారులు మలుపు దగ్గరికి వెళ్లి నురగ చూశారు. రోడ్డు శుభ్రం చేయించిన సూపర్‌వైజరును పిలిపించారు. అన్ని జట్ల నుంచీ ఒకరిద్దర్ని రమ్మన్నారు. శ్రీధర్, సుహాసిని వెళ్లారు. వాళ్ల వెనక నేను కూడా దూరాను.

"నేను ఉట్టి నీళ్లతోని కడగమన్న సార్. ఈమెనే తెలివితక్కువతనంగ పౌడర్ పోసింది" అన్నాడు సూపర్‌వైజరు. ఈదమ్మను తలుపు పక్కన నిలబెట్టారు. ఆమె చీరలోంచి నీళ్లు కారి కాళ్ల దగ్గర మడుగు కట్టాయి.

"సబ్బు ఉందని తెలిసి ఎవరికీ ఎందుకు చెప్పలేదమ్మా?" అని అడిగాడు పెద్ద అధికారి.

"చెప్పిన సారు."

"ఎవరికి?"

ఆమె నన్ను చూసింది. నీలం జాకెట్లో నేను ఆమెకి నాలుగడుగుల దూరంలో ఉన్నాను. ఆమె చూపు నా మీద ఒక్క క్షణం ఆగి నేల మీదికి దిగిపోయింది. నా పేరు ఆమెకి తెలియదు. తెలిసినా చెప్పి ఉండేది కాదేమో. నేను నోరు తెరవాలి. ప్రమాదానికి ముందే ఆమె నాకు చెప్పిందంటే ఆమె బయటపడుతుంది, మా జట్టు మునుగుతుంది. మా పిల్ల మునుగుతుంది. నేను గొంతు సవరించుకున్నాను. అంతవరకే.

"మాకు చెప్పింది సార్" అంది సుహాసిని. గదిలో అందరూ దానివైపు తిరిగారు. "ప్రమాదానికి పది నిమిషాల ముందే చెప్పింది. పౌడర్ ఎవరిచ్చారో కూడా, ట్యాంకర్ రాలేదని కూడా చెప్పింది. మా డ్రైవర్‌కి మాత్రం చెప్పుకుని మీకు చెప్పకుండా దాచింది మేము. రేడియోలో నా గొంతు ఉంటుంది, వినండి."

ఆదివారం రేసులోంచి మా జట్టును తీసేశారు. శ్రీధర్ అరవలేదు. గుడారానికి తిరిగొచ్చాక సుహాసిని మెడలోని జట్టు కార్డు తనే తీసి జేబులో వేసుకున్నాడు. కుర్చీలు మడవడానికి ఫైజల్ ఒక్కడే సాయం చేశాడు. "నేను జారనని తెలిసి పోయిన. వాడికి తెల్వదు" అన్నాడొకసారి.

వాన తగ్గాక ట్యాంకర్ వచ్చింది. ఈదమ్మ, ఇంకో ఇద్దరు ఆ మలుపును నీళ్లు పోసి పోసి కడిగారు. నేను దగ్గరికి వెళ్లాను. "ఆ పిలగానికి అన్నం తిననీకి ఏ చెయ్యి మంచిగున్నది సారు?" అని అడిగింది. ఎడమ భుజం విరిగిందట, కుడిది బాగానే ఉందని చెప్పాను. "నయమే" అని మళ్లీ చీపురు అందుకుంది. ఆ రోజుకి ఆమె పని పోలేదు. తరవాత సంగతి నాకు తెలియదు.

తిరుగు ప్రయాణం

ఆదివారం సాయంత్రం సుహాసిని నన్ను బస్సెక్కించడానికి మదీనాగూడ స్టాపు దాకా వచ్చింది. రేసు ఎవరు గెలిచారో అది చెప్పలేదు, నేను అడగలేదు. బస్సు వస్తుంటే అంది, "మావయ్యా, నిన్న ఆ గదిలో నేను మాట్లాడబోతుంటే నీ చెయ్యి పైకి లేచింది. నన్ను ఆపుదామనేనా?"

ఆపుదామనే. చెయ్యి దాని నోటి దగ్గరికి దాదాపు వచ్చేసింది. ఇంకో అర క్షణం ముందు లేచి ఉంటే ఆపేవాణ్ణి కూడా.

"లేదమ్మా, భుజం తడదామని" అన్నాను.

"అలాగా" అంది. నా సంచి తనే మోసుకొచ్చి బస్సులో పెట్టి, కిటికీ పక్క సీటు చూసి కూర్చోబెట్టి, మంచినీళ్ల సీసా చేతిలో పెట్టి, నా మొహం చూడకుండా దిగిపోయింది.